గుట్ట మీది గుండుకు మూలలు ఎటుపోయాయి?

ప్రశ్న: మా ఊరి గుట్ట మీద లారీ కూడా మొయ్యలేని గుండ్లు నున్నగా, గుండ్రంగా ఉన్నాయి. భీముడు విసిరేశాడని మా అత్తమ్మ, ఒకప్పుడు ఏట్లో దొర్లి ఉంటాయని మా ఆయన. ఏడో తరగతి చదివే బాబేమో ‘లెక్కల్లో చెప్పే గోళం ఇదేనా’ అని ప్రాణం తీస్తున్నాడు. ఏం చెప్పాలి?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: అమ్మా, అత్తమ్మగారి మాట కాదనే ధైర్యం నాకు లేదు. మీ ఆయన మాట మాత్రం నిలవదు. గులకరాళ్లంటే ఏట్లో దొర్లి నునుపెక్కుతాయి, ఈ గుండ్లు ఎక్కడా దొర్లలేదు. ఉన్నచోటే, అదీ భూమి లోపల ఉండగానే గుండ్రబడ్డాయి.

మన నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు గ్రానైటు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది. లోతున చల్లారి గట్టిపడ్డ ఈ రాయి, పైనున్న బరువు అరిగిపోయేకొద్దీ అడ్డంగా, నిలువుగా పగిలి మూలలున్న దిమ్మెలైంది. పగుళ్లలోకి వాననీరు దిగింది. దిమ్మె ముఖాన్ని నీరు ఒక్క వైపు నుంచే తింటుంది. అంచునైతే రెండు వైపుల నుంచి, మూలనైతే మూడు వైపుల నుంచి. కాబట్టి ముందు మూలలు పోతాయి, తర్వాత అంచులు. రాయిలోని ఫెల్డ్‌స్పార్ మెత్తబడి బంకమట్టి అవుతుంది, క్వార్ట్జ్ ఇసుకలా రాలుతుంది. మనం రోడ్లకు పోసే మొరం అలా పుట్టిందే. వానలు ఆ మొరాన్ని కడిగేశాక లోపలి గట్టి రాయి గుండుగా బయటపడుతుంది. పగుళ్లు తక్కువున్న చోట గుండ్లు ఏర్పడవు, భువనగిరి ఖిల్లాలాగా ఒకే బండ నిలుస్తుంది.

ఇక బాబు ప్రశ్న. లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి, నాకు అదే ఎక్కువ నచ్చింది. అచ్చమైన గోళం కాదని చెప్పండి. ఎంత దగ్గరో కొలవడానికి 1930ల్లో హాకన్ వాడెల్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఒక పద్ధతి చెప్పాడు. రాయికి సమానమైన ఘనపరిమాణం ఉన్న గోళం తీసుకుని, దాని ఉపరితల వైశాల్యాన్ని రాయి ఉపరితల వైశాల్యంతో భాగించాలి. ఒకే ఘనపరిమాణానికి అతి తక్కువ ఉపరితలం గోళానిదే కనుక దానికి 1 వస్తుంది, మిగతా వాటికి అంతకన్నా తక్కువ. ఘనానికి 0.806. వెడల్పుకు ఒకటిన్నర రెట్లు పొడవుండి, రెండు కొసలూ ఒకేలా సాగిన గుండుకేమో దాదాపు 0.97! ఎటు కొలిచినా భుజాలు సమానమైన ఘనం ఓడిపోయింది, మూలలున్నందుకు.

మొరం తవ్విన గుంతల అంచుల్లో సగం మట్టిలో ఉన్న గుండు, దాని చుట్టూ ఉల్లిపొరల్లా విడిపోతున్న రాయి కనిపిస్తాయి. బాబుకు దూరం నుంచే చూపించండి. వానాకాలం మాత్రం వద్దు, గట్లు విరిగిపడతాయి.