చలికాలంలో తేలు చావదు, మీ గోడలో పడుకుంటుంది

‘నవంబరులో ఫీనిక్స్‌కు వచ్చాం. చలికాలంలో తేళ్ళు కనబడవని అందరూ అన్నారు. నిన్న స్నానాలగదిలో ఒకటి కనబడింది. మాకు రెండేళ్ళ బాబు ఉన్నాడు. నెలనెలా వచ్చి మందు కొట్టే కంపెనీతో ఏడాదికి ఒప్పందం రాసుకోమంటున్నారు. రాసుకోవాలా?’ అని ఒక అమ్మాయి అడిగింది.

వద్దమ్మా. ముందు ఆ కలం పక్కన పెట్టండి. ఏడాది ఒప్పందం అంటే ఏమిటో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

నేను ఈ ఊరికి వచ్చింది కూడా చలికాలంలోనే, 2006 డిసెంబరులో. అరిజోనా ఎడారి ఊరు కదా, తేళ్ళుంటాయని విని మొదటి వారంలోనే అతినీలలోహిత టార్చి ఒకటి కొన్నాను. ఆ వెలుగులో తేలు ఆకుపచ్చగా మెరుస్తుంది. రాత్రి స్వెట్టరు వేసుకుని ప్రహరీ గోడ చుట్టూ మూడుసార్లు తిరిగాను. ఒక్కటీ కనబడలేదు. ‘మన ఇంట్లో లేవు’ అని మా ఆవిడకు ప్రకటించి హాయిగా పడుకున్నాను. అవి ఆ గోడలోనే ఉన్నాయి. ఇక్కడి ప్రహరీలు బోలు సిమెంటు దిమ్మలతో కడతారు, వాటి లోపల గదులు గదులుగా ఖాళీ ఉంటుంది. మామూలుగా తేలు ఒంటరిది. ఇక్కడి బార్క్ స్కార్పియన్ అనే జాతి తేళ్ళు మాత్రం చలికి ఇరవై, ముప్పయి కలిసి ఒకేచోట చేరతాయి. తిండి లేకుండా నెలల తరబడి ఉండగలవు. గోడ బోలులో, ఈతచెట్టులాంటి తాటిజాతి చెట్ల ఎండు మట్టల కింద, అటకమీద వెచ్చగా పరిచిన దూది పొరల్లో పడుకుంటాయి. మీరు హీటరు వేసినప్పుడో, మధ్యలో నాలుగు రోజులు ఎండ కాసినప్పుడో ఒకటి లేచి నీటి తడి కోసం దిగుతుంది. మీ స్నానాలగదిలోకి వచ్చింది అలాంటిదే.

రెండో తప్పు ఇంకా ఘనమైనది. జనవరిలో సంక్రాంతికి బొమ్మల కొలువు పెడదామని గ్యారేజీలోంచి అట్టపెట్టె తెచ్చాను. అడుగున పాత వార్తాపత్రిక మడతలో ఒక తేలు. రెండంగుళాల పైన ఉంటుందేమో, ఎండుగడ్డి రంగు, తోక పక్కకు చుట్టుకుని ఉంది. పుల్లతో పొడిచాను. కదల్లేదు. చచ్చిందనుకుని కాగితం రుమాలుతో తీసి, అరచేతిలో పెట్టుకుని మా ఆవిడకు చూపిద్దామని హాల్లోకి నడిచాను. చలికి బిగుసుకుపోయిన ప్రాణికి అరచేతి వెచ్చదనం తగిలితే ఏమవుతుందో ఇంత చదువు చదివిన నాకు తట్టలేదు. తలుపు దాటేలోపు కుట్టింది.

మంట, తిమ్మిరి, మోచేతి దాకా కరెంటు పాకినట్టు జలదరింపు. కంగారుగా అత్యవసర విభాగానికి పరుగెత్తాను. మూడు గంటలు కూర్చోబెట్టారు, అయిదు నిమిషాలు చూశారు, చల్లటి గుడ్డ కట్టుకుని నొప్పి మాత్ర వేసుకోమన్నారు. ఆరు వారాల తర్వాత బిల్లు వచ్చింది. బీమా పోగా నా చేతినుంచి 1,900 డాలర్లు. తేలు కుట్టిన దొంగలా ఉండటమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఊళ్ళో అమ్మానాన్నలకు చెప్పుకోలేను, ఆఫీసులో అసలే చెప్పుకోలేను. ఆ నెల అద్దెకు అప్పు చేశాను.

విష సమాచార కేంద్రానికి ఫోను చేసి ఉంటే ఆ మాటే వాళ్ళు ఉచితంగా చెప్పేవాళ్ళు. నంబరు 1-800-222-1222, రాత్రీ పగలూ ఎత్తుతారు. ఫోనులో ఇప్పుడే దాచుకోండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు సాధారణంగా సబ్బుతో కడిగి చల్లటి గుడ్డ వేస్తే సరిపోతుంది, తిమ్మిరి ఒకటి రెండు రోజులుంటుంది. మీ బాబు సంగతి వేరు. పసివాడిని కుట్టి, కనుగుడ్లు అటూ ఇటూ తిరగడం, చొంగ కారడం, కాళ్ళూ చేతులూ ఎగిరెగిరి పడటం, ఊపిరి కష్టం కావడం కనబడితే వెంటనే అత్యవసర నంబరు 911కు ఫోను చేయండి. అక్కడ డాలర్ల లెక్క వేయకండి. లెక్కలకు పుట్టిన నేనే చెబుతున్నాను. అనాస్కార్ప్ అనే విరుగుడు మందుకు 2011లో ఇక్కడ అనుమతి వచ్చింది, బాగా పనిచేస్తుంది. (ఆ మరుసటి ఏడాదే ఇక్కడ ఒకావిడకు దానితో కలిపి 83 వేల డాలర్ల బిల్లు వేశారని పత్రికల్లో చదివి రెండు రాత్రులు నిద్రపోలేదు. అందుకే బీమా పత్రంలో మీ వాటా ఎంతో ఈ వారమే చూసుకోండి.)

ఇక ఆ ఒప్పందం. కుట్టించుకున్న కోపంలో నేనూ రాశాను, నెలకు 60 డాలర్లు. జనవరి, ఫిబ్రవరి, మార్చి: ఒక కుర్రాడు వచ్చి గోడల మొదట్లో మందు చల్లి, కాగితం అంటించి పోయేవాడు. గోడ లోపల పడుకున్నదానికి గోడ బయట మందు కొడితే ఏం తగులుతుంది? మేలుకుని ఉన్నప్పుడు కూడా తేలు కాళ్ళమీద లేచి నడుస్తుంది, బొద్దింకలా ఒళ్ళంతా నాకుతూ శుభ్రం చేసుకోదు, కాబట్టి ఆ మందు దానికి సరిగా అంటదు. చచ్చేవి ఎక్కువగా కీచురాళ్ళూ బొద్దింకలూ. అవి దాని తిండి కనుక వేసవిలో కొంత లాభం లేకపోలేదు. చలికాలంలో మాత్రం 180 డాలర్లు ఇసుకలో పోశాను. ఏప్రిల్ రాత్రుళ్ళు వెచ్చబడగానే అదే టార్చి పట్టుకుని వెళితే గోడంతా పచ్చటి చుక్కలు!

చలికాలం సందులు మూసే కాలం. క్రెడిట్ కార్డు దూరే సందు చాలు దానికి. ఇప్పటికే గోడల్లో ఉన్నాయి కనుక ముందు లోపలివైపు మూయండి: సింకుల కింద గొట్టాలు గోడలోకి వెళ్ళేచోట, స్నానాలగది ఫ్యాను చుట్టూ, పైకప్పు దీపాల అంచుల్లో, స్విచ్చుల పలకల వెనుక. పలకల వెనుక పెట్టే నురుగు అట్టలు ఇంటి సామాన్ల దుకాణంలో దొరుకుతాయి, మెయిన్ ఆపి బిగించండి. బయటి గోడ సెప్టెంబరులో చూసుకోవచ్చు. గోడ అడుగున తడి బయటికి పోవడానికి వదిలిన సన్నటి సందును మాత్రం మూసేయకండి. నేను మూసి, తెరిపించడానికి మళ్ళీ డబ్బిచ్చాను. అద్దె ఇల్లయితే మందు ఖర్చు ఎవరిదో లీజులో ఉంటుంది, చదువుకోండి.

బాబు మంచం గోడకు తగలకుండా జరపండి, దుప్పటి నేలకు జీరాడనివ్వకండి. ఊచల మంచమైతే నాలుగు కాళ్ళకింద నున్నటి గాజు సీసాలు పెట్టండి. గాజు మీద ఈ తేలు ఎక్కలేదు, అందుకే తొట్టెల్లో సింకుల్లో చిక్కి కనబడుతుంది. కనబడితే పొడవాటి పట్టకారు వాడండి, రుమాలు కాదు. గ్యారేజీలో అట్టపెట్టెలు తీసేసి మూత బిగించే ప్లాస్టిక్ డబ్బాలు కొనండి. మా బొమ్మలు ఇప్పుడు వాటిలోనే ఉన్నాయి. ఇప్పుడుంటున్న ఈ ఇంట్లో ఆరేళ్ళలో నాకు కనబడింది ఒకే ఒక్క తేలు, నా మొత్తం ఖర్చు 140 డాలర్లు దాటలేదు.

ఈ రాత్రే ఒక పని చేయండి. ఇంట్లో దీపాలన్నీ ఆర్పి, మీ ఆయనను మామూలు టార్చితో గడప బయట నిలబెట్టండి. తలుపు కింద వెలుగు ఎక్కడ కనబడితే అక్కడ రబ్బరు పట్టీ కావాలి. కొనేముందు తలుపు వెడల్పు కొలుచుకోండి. ఇంట్లోంచి గ్యారేజీలోకి వెళ్ళే తలుపుకు 32 అంగుళాలది కావలసి ఉండగా నేను 36ది తెచ్చాను, రసీదు పోయింది, వాపసు తీసుకోలేదు. అది ఇంకా ప్లాస్టిక్ కవరులోనే ఉంది. మీ వీధి తలుపుకు సరిపోతే వచ్చి తీసుకెళ్ళండి.