బెజవాడలో ఒక్క రోజు: రాళ్లు పాతవే, అద్దెదారులే కొత్తవాళ్లు

‘బెజవాడలో ఒక్క రోజే ఉంటాను, దుర్గ గుడీ బ్యారేజీ కాకుండా చరిత్ర ఉన్న చోట్లు చెప్పండి’ అని అడిగారు. నేను పుట్టి పెరిగింది వన్ టౌన్‌లో, కొండ నీడన. కాబట్టి ఇంటి దగ్గర నుంచే మొదలుపెడతాను.

ఇంద్రకీలాద్రి అడుగున అక్కన్న మాదన్న గుహలున్నాయి. అమ్మవారి కోసం వచ్చేవాళ్లలో నూటికి తొంభై మంది వాటి ముందు నుంచే వెళ్తారు, ఆగరు. గోల్కొండ తానీషా దగ్గర మంత్రులుగా ఉన్న ఆ అన్నదమ్ముల కచేరీ ఇక్కడే జరిగేదని మా తాతయ్య చెప్పేవారు. చిన్నప్పుడు ఆ రాతి స్తంభాల మధ్య గంటాలూ తాటాకులూ ఊహించుకునేవాణ్ని. కాలేజీకి వెళ్లాక తెలిసింది, ఆ గుహలు 6, 7 శతాబ్దాల నాటివని. అక్కన్న మాదన్నలేమో 17వ శతాబ్దం వాళ్లు. పెద్ద తప్పు పట్టుకున్నాననే ఊపులో వెళ్లి తాతయ్యను నిలదీశాను. ఆయన వక్కపలుకు నములుతూ, ‘ఇల్లు పాతదైతే అద్దెకు కొత్తవాళ్లు దిగకూడదట్రా?’ అన్నారు. నాకు నోట మాట రాలేదు. వాళ్లు నిజంగా అక్కడ కూర్చున్నారో లేదో గాని, ఈ ఊరిని చూడడానికి ఆ మాటే నాకు కళ్లద్దాలైంది.

మీకున్న ఒక్క రోజులో సగం మాత్రం ఉండవల్లికి ఇవ్వండి. దారి బ్యారేజీ మీదుగానే, కాబట్టి మీరు వద్దన్నా అది కనిపిస్తుంది. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగిపోతే దాని బదులు కట్టిందే ఇది. 1957లో పూర్తయింది, టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. దాటి సీతానగరం నుంచి కుడివైపు తిరిగితే ఆటోలో కొద్ది నిమిషాలే.

ఉండవల్లిలో కొండను నాలుగు అంతస్తులుగా తొలిచారు. 4, 5 శతాబ్దాల నాటిదని, విష్ణుకుండినుల కాలానిదని చెబుతారు. మొదట్లో బౌద్ధ విహారమన్న వాదం కూడా ఉంది. అదే నిజమైతే తాతయ్య లెక్కన ఇక్కడా అద్దెదారు మారినట్టే. లోపల అనంతశయనుడు ఒకే రాతిలో, గోడ పొడవునా పడుకుని ఉంటాడు. పోయినేడు మా మేనల్లుణ్ని తీసుకెళ్లాను. వాడు గడప దాటగానే ఫోను లైటు వేశాడు. ఆపేయమన్నాను. ‘ఏమీ కనిపించడం లేదు మామయ్యా’ అన్నాడు. ‘కాసేపు ఆగు’ అన్నాను. నిమిషం గడిచాక మొదట శేషుడి పడగలు, తరువాత స్వామి భుజం, చివరికి పాదాలు చీకట్లోంచి ఒక్కొక్కటే తేలాయి. వాడు ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. మీరూ అలాగే చూడండి. పై అంతస్తు వసారాలో కూర్చున్న రాతి మునుల పక్కన నిలబడితే కింద పొలాలు కనిపిస్తాయి. ఇక్కడి నుంచి ఫలానా కోటకు సొరంగం ఉందని ఎవరో ఒకరు చెబుతారు. మా వైపు ప్రతి గుహకూ ఒక సొరంగాన్ని అంటగడతారు, విని ఆనందించండి.

తిరిగొచ్చాక బందరు రోడ్డులో బాపు మ్యూజియం. 1887లో విక్టోరియా రాణి స్వర్ణోత్సవం పేరిట తలపెట్టిన భవనం అది. 1921లో అదే చోట కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. గాంధీగారు వచ్చారు, పింగళి వెంకయ్యగారు ఎరుపు, ఆకుపచ్చ రంగుల జెండా నమూనా చూపించారు. తెలుపు చేర్చమన్నది గాంధీగారే. రాణిగారి పేరున్న గోడల మధ్య ఆమె వంశపు పాలనను సాగనంపే ఆలోచన! అద్దెదారు మారడమంటే ఇదీ.

మొగల్రాజపురం గుహలు టైముంటేనే చూడండి. ఇళ్ల మధ్య ఇరుక్కుపోయి, శిల్పాలు బాగా అరిగిపోయాయి. నాకు అక్కడికి వెళ్తే దిగులేస్తుంది.

ఎలాగూ కొండ ఎక్కుతారు కనుక ఒక్క మాట. మల్లేశ్వరస్వామి గుడిలోని యుద్ధమల్లుడి శాసనం గురించి తెలుసుకుని మరీ వెళ్లండి. నన్నయకు ముందే, మధ్యాక్కర పద్యాల్లో చెక్కించిన తెలుగు అది. నేను పాఠ్యపుస్తకంలో దాని పేరు బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నానే గాని, అది మా కొండ మీదిదేనని చాలా కాలం గుర్తించలేదు. చాళుక్య యుద్ధమల్లుడు కుమారస్వామికి గుడీ మఠమూ కట్టించి, గొరగలు, అంటే శైవ సన్యాసులు, తప్ప ఇతరులు అందులో విడిది చేస్తే పాపం తగులుతుందని రాయించాడు. అది చదివిన రోజు తాతయ్య ఉంటే బాగుండుననిపించింది. వెయ్యేళ్ల కిందటే బెజవాడలో అద్దెకు ఎవరు దిగాలో బోర్డు పెట్టారన్నమాట.