మా నాన్నను ‘అన్నా’ అని పిలిచినాయన

వయసు తేడా ఉన్న జంట మీద కామెడీగా తీసిన సినిమాలు నిజానికి దగ్గరగా ఉంటాయా, మీ ఇళ్ళల్లో అట్లాంటి పెళ్ళి ఏదైనా జరిగిందా అని అడిగారు. జరిగింది, నాదే. మాది కావలి పక్కన పల్లె. 2011లో పెళ్ళినాటికి నాకు 28, ఆయనకు 45, మా నాన్నకు 54.

ఇలాంటి సినిమాల్లో నాకు బాగా తెలిసింది 2007లో బాల్కీ తీసిన హిందీ సినిమా ‘చీనీ కమ్’. లండన్‌లో హోటల్ నడిపే 64 ఏళ్ళ వంటాయన అమితాబ్, 34 ఏళ్ళ టబు. పులావు తియ్యగా ఉందని ఆమె తిప్పి పంపుతుంది, ఆయనకు పౌరుషం పొడుచుకొస్తుంది, కథ అక్కడ మొదలు. ఇళయరాజా తన పాత సినిమా ‘మౌనరాగం’ బాణీని మళ్ళీ వాడుకున్నాడందులో. ఆ పాట కోసమే డీవీడీ తెప్పించుకున్నా. అప్పటికి ఈయన నాకు పరిచయమే లేదు.

మా కథ రొయ్యల గుంట దగ్గర మొదలైంది. నాన్న నాలుగెకరాలు లీజుకు తీసుకుని రొయ్యలు వేసేవాడు. అప్పుడప్పుడే వనామీ రకం రొయ్య వస్తోంది. ఈయన గుంట నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్ల మోటార్లు బాగుచేసేవారు. ముగ్గురు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేసేసరికి ఆయనకు పెళ్ళి వయసు దాటిపోయింది. నేను బీకాం చదివి ఇంట్లో ఉన్నా గనక గుంట లెక్కలన్నీ నావే. ఒకసారి బిల్లులో బేరింగుల డబ్బు వేసుకోవడం మర్చిపోయారు, 640 రూపాయలు. ఫోన్ చేసి చెబితే ‘పోనీలేండి’ అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ‘మీరు ఇట్ట వదిలేస్తే నా పుస్తకంలో లెక్క ఎట్ట తేలుద్ది?’ అన్నా. మర్నాడు పొద్దున్నే కొత్త బిల్లు రాసుకొచ్చారు, గుండ్రటి అక్షరాలు, కింద తేదీ. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

ఇంట్లో చెప్పినప్పుడు నాన్న ముందుగా వయసు మాట ఎత్తనే లేదు. ‘వాడు నన్ను అన్నా అంటాడుమే! నువ్వు వాడికి కూతురి వరస!’ అన్నాడు. మా వైపు ఎవరినైనా అన్నా అనకుండా పిలవడం కుదరదు, టీ కొట్టు దగ్గర కూడా అన్నానే. కానీ పెళ్ళి మాట వచ్చేసరికి ఆ పిలుపే చుట్టరికమై అడ్డం నిలబడింది. ఇది ఏ సినిమాలోనూ నాకు కనపడలేదు. మనవాళ్ళకు ఏళ్ళకన్నా ముందు వరస గుచ్చుకుంటుంది.

సినిమాలో టబు తండ్రికి 58, అంటే అల్లుడికన్నా ఆరేళ్ళు చిన్న. పెళ్ళి వద్దని నిరాహారదీక్షకు కూర్చుంటాడు. మొదటిసారి చూసినప్పుడు తెగ నవ్వాను. ఇప్పుడు ఆ సీను వస్తే నవ్వలేను. మా నాన్న అన్నం మానలేదు, ఆయన్ని పిలవడం మానేశాడు. ‘ఏమబ్బయా’ అని నోరారా పలకరించే మనిషి, ‘మోటారు చూడమని చెప్పు’ అని నా చేత కబురు చేసేవాడు.

వయసు మాట ఒక్కసారే అన్నాడు. గుంట గట్టు మీద, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగి, మిగిలిన మేత వేలితో కదుపుతూ, నా వంక చూడకుండా, ‘నీకు 50 వచ్చేసరికి ఆయనకు 67. అప్పటికి నేనుంటానో లేదో. ఎవురు చూస్తారు మిమ్మల్ని?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్నను వెటకారం చేసే సినిమా నాకు నచ్చదు. అమితాబ్‌ను ఆ చెట్టుదాకా పరిగెత్తి రమ్మంటుంది టబు, ఓపిక ఎంతుందో చూద్దామని. నవ్వొచ్చే సీనే. మా ఆయన ఈమధ్య డాబా మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగుతున్నారు, నేనూ ఆగుతాను.

మీరు అలాంటి పెళ్ళి ఆలోచనలో ఉంటే డబ్బు, పిల్లలు, జబ్బు, ఈ మూడూ ముందే మాట్లాడుకోండి. మేం మాట్లాడుకున్నాం. ఇల్లు నా పేర రాశారు. మోటారు వైండింగ్ నేను నేర్చుకున్నా, షాపు ఇప్పుడు ఇద్దరం చూస్తాం. నాన్న ప్రశ్నకు నేను చెప్పగలిగిన జవాబు అదే.

ఇంకొక్క సంగతి. మన తెలుగువాళ్ళకు వయసు మీరిన పెళ్ళికొడుకంటే లుబ్ధావధాన్లే. గురజాడ ‘కన్యాశుల్కం’ మొదట ఆడింది 1892లో. అక్కడ పసిపిల్లను అమ్ముతున్నారు, ఆ పిల్లకు నోరు లేదు. పులావు తిప్పి పంపిన టబుకు 34 ఏళ్ళు, నోరూ ఉంది. పెద్దవాళ్ళు ఈ రెండింటినీ ఒక గాటన కట్టేస్తారు. అందుకే నేను ఏ సినిమా చూసినా ఆడమనిషి వయసెంత, ఆమె మాట ఎంత చెల్లిందని చూస్తా, మగాడి నెరిసిన గడ్డం కాదు.

పెళ్ళయిన రెండో ఏడు ఎండాకాలంలో నాన్న మమ్మల్ని భోజనానికి పిలిచాడు. ముందురోజు రాత్రి పెట్టిన కొరమేను పులుసు, మామిడికాయ ముక్కలేసి. తినేటప్పుడు ఈయన పరాకున ‘అన్నా, ఆ పులుసు గిన్నె ఇట్ట…’ అని నాలిక్కరుచుకున్నారు. అమ్మ చెయ్యి గరిటె మీదే ఆగిపోయింది. నాన్న గిన్నె ఆయన వైపు జరిపి, ‘ముక్కేసుకో అబ్బయా, తోక ముక్క బాగుంటుంది’ అన్నాడు. మామయ్యా అన్న పిలుపు ఈయన నోటికి ఇంకా తిరగలేదు. నాన్న అడగనూ లేదు.