లినక్స్ ఫోన్‌తో రోజులు గడుస్తాయా?

"లినక్స్ ఫోన్ రోజూ వాడుకోవడానికి పనికొస్తుందా, పైన్‌ఫోన్ కొనమంటారా?" అని అడిగారు. లినక్స్ ఫోనంటే మామూలు ఆండ్రాయిడ్‌కు బదులు కంప్యూటర్లలో వాడే లినక్స్‌తో నడిచేది; పైన్‌ఫోన్ అలా లినక్స్ కోసమే తయారైన ఫోన్. నాలుగు నెలలు వాడిన అనుభవంతో చెబుతున్నా: ఫోన్ పనికొస్తుంది, మన ఊళ్ళే దానికి పనికిరావు.

ఆండ్రాయిడ్ అడుగున గుండెకాయలా ఉన్నదీ లినక్స్ కెర్నలే కదా అనే వాదనలోకి దిగను. నేను ఒక పాత ఆండ్రాయిడ్ ఫోన్ తుడిచేసి లినక్స్ ఎక్కించి, సిమ్ కూడా అందులోకే మార్చాను. కెమెరా పనిచేయలేదు, దిగులూ పడలేదు. బస్సులో కూర్చుని కమాండ్‌లు టైప్ చేసే టెర్మినల్ తెరిచి ఆఫీసు సర్వర్‌లోకి వెళ్తుంటే ఆ సంబరమే వేరు.

ఒక సోమవారం తెల్లవారుజామున తిరుపతి బస్సు నన్ను బెంగళూరు టిన్ ఫ్యాక్టరీ దగ్గర దింపింది. ఆటోలో రామమూర్తి నగర్ చేరాను. 150 రూపాయలు. ఉన్న కాస్త చిల్లర పలమనేరులో టీకి, ఇడ్లీకి అయిపోయింది. రూమ్మేట్‌ను కిందికి పిలుద్దామంటే కాల్ పోదు. ఫోన్ నిద్ర లేచింది గానీ అందులో నెట్‌వర్క్ పట్టే మోడెమ్ లేవలేదు. రీస్టార్ట్ చేశాను. నల్ల తెర మీద తెల్లక్షరాలు బరబరా పరుగెడుతుంటే డ్రైవర్ తొంగిచూసి, "ఏం సార్, ఫోన్ హ్యాక్ అయిపోయిందా?" అన్నాడు. ఆయనది ముళబాగిలు, తెలుగు బాగా వచ్చు. చివరికి అమ్మ పెట్టిన ఆవకాయ జాడీ ఆటోలో తాకట్టు పెట్టి మూడో అంతస్తుకు పరుగెత్తాను. రూమ్మేట్ లుంగీతోనే దిగొచ్చి స్కాన్ చేశాడు. "నాది ఏడు వేల ఫోన్ సార్, టక్కున పడుతుంది" అని డ్రైవర్ జాడీ చేతికిచ్చాడు.

వేడ్రాయిడ్ వేసుకుంటే లినక్స్‌లోనే ఆండ్రాయిడ్ యాప్‌లు నడుస్తాయి కదా అంటారు. నడుస్తాయి, డబ్బుతో పని లేనంతవరకు. నా యూపీఐ యాప్ తెరవగానే ఈ పరికరం సురక్షితం కాదని మూసుకుపోయింది. పోనీ, యూపీఐని ఇంకో ఫోన్‌లో పెట్టుకుందామా? రిజిస్టర్ అవ్వాలంటే సిమ్ ఉన్న ఫోన్ నుంచే ఎస్సెమ్మెస్ వెళ్ళాలి. కీప్యాడ్ ఫోన్ల కోసం రిజర్వ్ బ్యాంక్ 2022 మార్చిలో యూపీఐ 123పే తెచ్చింది, మంచిదే. కానీ కోడంతా తెరిచి చూపించే ఫోన్‌ని మాత్రం ఈ యాప్‌లు దొంగను చూసినట్టు చూస్తాయి. మా అపార్ట్‌మెంట్ గేటుకీ ఒక యాప్ ఉంది. అది లేకపోతే పార్సిల్ కుర్రాడు నా పేరు మీద వాచ్‌మన్‌తో పంచాయతీ పెట్టుకోవాలి.

తయారుచేసేవాళ్ళను తిట్టడానికి నాకు నోరు రాదు. 2017లో ఉబుంటు కంపెనీ కానోనికల్ వదిలేశాక, ఫోన్ల లినక్స్ అయిన ఉబుంటు టచ్‌ను నడుపుతున్నది యూబీపోర్ట్స్ వాలంటీర్లే. పైన్‌ఫోన్‌లో వెనక మూత తీస్తే మైకు, కెమెరా, మోడెమ్ ఆపేసే చిన్న స్విచ్‌లుంటాయి. వాటికోసమే కొంటానంటే కొనండి, స్పీడ్ మాత్రం అడక్కండి. అందులో ఉన్నది ఆల్‌విన్నర్ ఏ64 అనే పాత, నెమ్మది చిప్.

నా సిమ్ మళ్ళీ ఆండ్రాయిడ్‌లోకే వెళ్ళిపోయింది. లినక్స్ ఫోన్ ఇంట్లో వైఫై మీద పాటల సర్వర్‌గా బతుకుతోంది. అలారం మాత్రం దాంట్లో పెట్టను, అదీ నాతోపాటే పడుకుంటుంది.