కొట్టేసిన పేర్లనూ లెక్కపెట్టు

చిరంజీవి సుజాతకు అత్తయ్య ఆశీస్సులు.

బడి మానేసిన పిల్లల ప్రత్యేక శిక్షణ కేంద్రాల పనితీరును తేల్చే బాధ్యత నీకిచ్చారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. పొంగిపోయాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. నువ్వు అంకెల్లో దిట్టవు, నా భయమూ అదే.

చెప్పకుండా వెళ్లు, తలలు నువ్వే లెక్కపెట్టు. ఇవి నీకు తెలిసినవే.

కర్నూలు వైపు ఒక కేంద్రం సంగతి చెబుతాను. పత్తి విత్తనాల చేలలో క్రాసింగ్ పని, అంటే మొగ్గలు వలిచి ఒక పువ్వు పుప్పొడిని ఇంకోదానికి చేత్తో అద్దే పని, చేసే ఆడపిల్లల కోసం పెట్టారు. నివేదికలో నూటికి నూరు శాతం బడిలో చేరారని ఉంది. హాజరు పట్టీ తిరగేస్తే, ఎర్ర సిరాతో కొట్టేసిన పేర్లు! మధ్యలో వెళ్లిపోయిన వాళ్లను లెక్కలోంచే తీసేసి, మిగిలినవాళ్లలో నూటికి నూరు అన్నారు. ఆ మిగిలినవాళ్లు కూడా జూన్‌లో బడిలో చేరి, క్రాసింగ్ మొదలవగానే చేలకు పోయారు.

పేరు కొట్టేసిన ఒక పిల్ల ఇంటికి వెళ్లాను. మొగ్గలు వలిచి వలిచి గోళ్లు అరిగిపోయి ఉన్నాయి. కేంద్రంలో కొన్ని నెలలే ఉందట. అయినా పనికోసం ముందుగా ఇచ్చిన అడ్వాన్సు చీటీ తానే చదివి, యజమాని ఎక్కువ రాసుకున్నాడని తండ్రికి చూపించింది. కేంద్రం నేర్పిన చదువే కదా! ఆ ఘనతా నివేదికలో లేదు, పిల్లను పోగొట్టుకున్న తప్పూ లేదు.

2009 విద్యాహక్కు చట్టం వయసుకు తగిన తరగతిలో చేర్చమంది, తోటివాళ్లను అందుకునేందుకు శిక్షణా ఇవ్వమంది. నిబంధనల్లో ఆ శిక్షణకు 3 నెలల నుంచి 2 ఏళ్ల గడువుంది. అంటే అందరికీ ఒకే వేగం ఉండదు. అందుకని అందరినీ ఒకే పరీక్షతో కొలిచి ర్యాంకులు పంచావో, నాతో మాట్లాడకు! అలా చేస్తే వచ్చే ఏడు నుంచి కేంద్రాలవాళ్లు చెప్పినట్టు వినే పిల్లలనే ఏరుకుంటారు. రెండుసార్లు పారిపోయిన పిల్లవాడిని గేటు దగ్గరే తిప్పి పంపేస్తారు. చేరిన రోజున ఎవరికి ఏమి వచ్చో, అక్కడి నుంచి ఎంత నడిచారో చూడు. బడిలో చేరిన వాళ్లను నవంబరులో మళ్లీ వెతుకు.

కోప్పడ్డానని బాధపడకు, తల్లీ. ఎండలో తిరిగితే నీకు తలనొప్పి వస్తుంది, వేళకు తిను.

ఇళ్లకు చీకటి పడ్డాకే వెళ్లాలి, అప్పటికిగాని పిల్లలు చేల నుంచి రారు. ఒంటరిగా మాత్రం వెళ్లకు. కేంద్రంలో వంట చేసే ఆమెను వెంట తీసుకెళ్లు, ఏ పిల్ల ఎక్కడుందో ఆమెకే తెలుస్తుంది.

నీ అత్తయ్య