దొడ్డు అనే మాటకు ఇంగ్లిష్‌లో ఏం రాయాలి

హనుమకొండ

చిరంజీవి బిడ్డకు పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న నువ్వు అమ్మకానికి పెట్టి వాట్సాప్‌లో పంపిన ఫొటోలు చూశాను. మెరూన్ రంగు నారాయణపేట చీర, దాని మీదికి మోచేతుల దాకా చేతులున్న బ్లౌజు. కుట్టు చాలా బాగుంది. కింద నువ్వు రాసిన ఇంగ్లిష్ చదివి మాత్రం కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను. ఫ్యాట్ అండ్ వొలప్చువస్ లేడీస్‌కి పర్ఫెక్ట్ అట! మీ పెద్దబాపుకు చూపించలేదు.

లావుగా, నిండుగా ఉన్న ఆడవాళ్లకు వాడే ఇంగ్లిష్ మాటలన్నీ ఒక పట్టీ రాసి పంపమన్నావు. ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పినదాన్ని, పట్టీ రాయడం నాకెంత సేపు? కానీ పట్టీ చూసి మాట ఏరుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు. ఒకసారి నేనూ అట్లాగే ఏరుకున్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, తోటి లెక్చరరమ్మ ఒకామె తన చెల్లెలి కూతురికి అమెరికా సంబంధం చూస్తూ బయోడేటా రాసిపెట్టమంది. పిల్ల పచ్చగా, నిండుగా, నవ్వుమొహంతో ఉంటుంది. నిఘంటువు తిరగేస్తే బక్సమ్ అనే మాట దొరికింది. పుష్టి, ఆరోగ్యం, ఉల్లాసం, మూడూ దానికి అర్థాలే అని ఉంది. ఇంకేం కావాలి! ముందు హోమ్లీ కూడా తగిలించి, హోమ్లీ అండ్ బక్సమ్ గర్ల్ అని టైపు చేయించాను. నెలన్నరకు అక్కడున్న పిల్లాడి వదిన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. అమెరికాలో హోమ్లీ అంటే అందం లేని మొహం అని, బక్సమ్ అంటే ఛాతీ పెద్దది అని, ఇది రాసినవాళ్లకు పిల్ల మీద ఏమైనా కోపమా అని అడిగింది. లెక్చరరమ్మ రెండు నెలలు నాతో మాట్లాడలేదు.

బక్సమ్‌కు మొదట్లో వంగే గుణం, విధేయత అని అర్థం. తర్వాత ఉల్లాసం వచ్చింది, తర్వాత పుష్టి వచ్చింది, చివరికి ఛాతీ దగ్గర ఆగింది. నిఘంటువులో పాత అర్థాలూ కొత్తవీ ఒకే వరసలో కూర్చుంటాయి. ఏది బతికుందో ఏది పోయిందో మనమే కనుక్కోవాలి.

నువ్వు రాసిన వొలప్చువస్ ఇంకా ఇబ్బంది. అది లాటిన్‌లో సుఖం, భోగం అనే మాట నుంచి పుట్టింది. ఆమె ఎట్లా ఉందో కాదు, చూసేవాడికి ఏమనిపిస్తుందో చెప్పే మాట. బట్టలు కొనడానికి వచ్చిన ఆడమనిషిని ఆ మాటతో పిలుస్తామా? గుళ్లలోని స్త్రీ శిల్పం ఏది కనబడ్డా ఇంగ్లిష్‌లో రాసేవాళ్లు దీన్నే అతికిస్తారు. 1213 నాటి మన రామప్ప గుడికి పోయి మదనికల కింద, అంటే స్తంభాల పైన చెక్కిన ఆ ఆడబొమ్మల కింద, నిలబడి చూడు. సన్నటి నడుము, పొడుగాటి కాళ్లు. ఆ రాతలు రాసినవాళ్లు తల పైకెత్తి చూశారో లేదో!

ఫ్యాట్ అనేది తమ గురించి తాము ధైర్యంగా చెప్పుకునే ఆడవాళ్లు ఈమధ్య ఉన్నారు. అది వాళ్ల ఇష్టం, దుకాణం నోట రాకూడదు. ఒబీస్, ఓవర్‌వెయిట్ డాక్టరు మాటలు. బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూసే లెక్క, 30 దాటితే ఒబీస్ అంటారు, మనవాళ్లకైతే 25 దగ్గరే అనేస్తున్నారు. వాటికి ఆసుపత్రి చీటీ మీదే చోటు. చబ్బీ పసిపిల్లల బుగ్గలకు బాగుంటుంది. పెద్దవాళ్లను అంటే కొందరు ముద్దుగా తీసుకుంటారు, కొందరు తీసుకోరు. పోర్ట్‌లీ, బర్లీ మగవాళ్లవి. పోర్ట్‌లీ అంటే పొట్ట ఉన్నా హుందాగా నడిచే పెద్దమనిషి, అచ్చం మీ పెద్దబాపు. రూబెనెస్క్ అని ఒకటుంది, నిండైన ఆడవాళ్ల బొమ్మలు వేసిన రూబెన్స్ అనే చిత్రకారుడి పేరు మీద వచ్చింది. చదువరులు వాడుకుంటారు, మనకు వద్దు.

నాకు బాగా నచ్చిన మాట స్టౌట్. ఇప్పుడు దానికి లావు అనే అర్థం గానీ, ఒకప్పుడు ధీరత్వం, గర్వం. స్టౌట్ హార్ట్ అంటే ఇప్పటికీ గట్టి గుండే. మన దొడ్డు చూడు, దొడ్డ మనసు, దొడ్డ మనిషి అంటే ఎంత గౌరవం! అదే మాట బియ్యం దగ్గరికి వస్తే దొడ్డు బియ్యం, సన్నబియ్యం అని తక్కువ ఎక్కువలు పెట్టాం. ఇప్పుడు రేషన్ షాపులో కూడా సన్నబియ్యమే, దొడ్డుకు విలువ ఇంకా తగ్గింది. అట్లాగని దొడ్డును థిక్ అని రాసేవు. అమెరికా కుర్రకారు నోట అది మెచ్చుకోలు, ఇంగ్లండ్‌లో మట్టిబుర్ర అని తిట్టు.

మనం కనిపెట్టిన ఇంగ్లిష్ వేరే ఉంది. హెల్తీ అంటే లావు, బబ్లీ అంటే బొద్దు. ఇక్కడ అందరికీ అర్థమవుతాయి, కానీ నీ చీరలు డల్లాస్ దాకా పోతున్నాయి కదా, అక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు హెల్తీ అంటే జబ్బు లేదనే తెలుసు.

ఇక మిగిలినవి కర్వీ, ఫుల్ ఫిగర్డ్, ప్లస్ సైజ్. కర్వీ అంటే లావు అనుకుంటున్నావు, కాదు. నడుముకూ తుంటికీ తేడా బాగా కనబడితే కర్వీ, సన్నటివాళ్లు కూడా కర్వీగా ఉండొచ్చు. నాలాగా పైనుంచి కిందిదాకా ఒకే తీరుగా ఉన్నవాళ్లకు అది అతకదు. ఫుల్ ఫిగర్డ్ మర్యాదైన మాటే. ప్లస్ సైజ్ అన్నిటికంటే పనికొస్తుంది, ఎందుకంటే అది బట్ట సైజు. పెటీట్ అంటే సన్నం అని కూడా అనుకోకు. బట్టల దుకాణాల లెక్కలో అది ఎత్తు మాట, 5 అడుగుల 4 అంగుళాల లోపువాళ్లకు. పొట్టిగా, లావుగా ఉన్నవాళ్లకు పెటీట్ ప్లస్ అని విడిగా కుడతారు.

చూశావా, బట్టకు చెందిన మాటలతో ఎవరికీ బాధ లేదు. రూమీ, రిలాక్స్‌డ్ ఫిట్, సాఫ్ట్ స్ట్రెచ్ అని నువ్వు కుట్టిన బ్లౌజు గురించి ఎన్నైనా రాయి. తొడుక్కునే మనిషి గురించి ఒక్క మాటా రాయకు. లావు కనబడదు, పొట్ట దాస్తుంది అని కూడా రాయకు. నేనేమైనా దొంగతనం చేశానా దాచుకోవడానికి?

మాలాంటివాళ్లకు కావలసింది కొలతలు. పోయిన ఎంగిలిపూల బతుకమ్మ నాడు వేయిస్తంభాల గుడి దగ్గర ప్లస్ సైజ్ అని కొన్న రెడీమేడ్ బ్లౌజు వేసుకుని ఆటలో దిగాను. ఛాతీ దగ్గర బస్తాలాగా వదులు, చంక దగ్గర మాత్రం సన్నపిల్లకు కుట్టినట్టు బిగుతు. రెండో చుట్టులో వంగి చప్పట్లు కొట్టి లేచేసరికి కుడిచేతి కుట్టు టర్రున పోయింది. మిగతా ఆటంతా కొంగు కప్పుకుని చూస్తూ నిలబడ్డాను. సైజు పెంచడం అంటే ఛాతీ ఒక్కటే పెంచారు, చేతుల సంగతి ఎవరూ ఆలోచించలేదు.

కాబట్టి ఆ ఫొటో కింద పాతది తీసేసి ఇట్లా పెట్టు: ఛాతీ 38 నుంచి 48 అంగుళాల దాకా, చంక వదులు, చేయి చుట్టుకొలత ఇంత, పక్కన విప్పుకోవడానికి 2 అంగుళాల గుడ్డ లోపల వదిలాం. ఇంగ్లిష్‌లో పెట్టినా ఇంతే, నాలుగు నంబర్లు. ఆ గుడ్డ సంగతి చదివితే నాలాంటివాళ్లు వెంటనే ఆర్డరు పెడతారు.

దసరాకు నాక్కూడా అదే మెరూన్‌లో ఒకటి కుట్టు. ఛాతీ 44, చేయి 17. చేయి మళ్లీ కొలవాలంటే ఆదివారం వస్తాను. మీ టైలర్ మాస్టర్‌కు మాత్రం ముందే చెప్పు, పోయినసారి నా కొలతల చీటీ మీద హెల్తీ మేడమ్ అని రాసి పిన్ను గుచ్చాడు.

ఇట్లు
మీ పెద్దమ్మ