స్మార్ట్ పరికరాలున్న ఇల్లు కొనేటప్పుడు ఏం చూసుకోవాలి? అమ్మేవాళ్లకు వాటివల్ల ధర పెరుగుతుందా?

ధర మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. గోడలో బిగించిన స్విచ్చులు, తలుపు తాళం లాంటివి కొనేవాళ్లకు నచ్చొచ్చు గానీ, ఎలక్ట్రానిక్ వస్తువు ఇంటికంటే చాలా త్వరగా పాతబడుతుంది, పైగా కంపెనీ సర్వర్ ఆపేస్తే మూలన పడుతుంది కూడా. ఇంట్లోని స్మార్ట్ పరికరాలను ఒకచోట కలిపి నడిపే రివాల్వ్ అనే హబ్‌కి 2016లో అదే జరిగింది.

కొనేవాళ్లు అసలు చూడాల్సింది అకౌంట్లు. తాళాలు మీ చేతికొచ్చినా యాప్‌లో పాత ఓనరే అడ్మిన్‌గా ఉంటే, ఆయన ఎక్కడో కూర్చుని తలుపు తీయొచ్చు, కెమెరా చూడొచ్చు (ఆయన మంచివాడే అయినా మీకు టెన్షనే కదా). ఫ్యాక్టరీ రీసెట్ ఒక్కటే చాలదు, చాలా కెమెరాలు రీసెట్ చేసినా పాత అకౌంట్‌కే ముడిపడి ఉంటాయి, కాబట్టి అమ్మేవాళ్లు తమ యాప్‌లోంచి కూడా వాటిని తీసేయాలి, అదీ మీ ఎదురుగా. తాళానికి ఇచ్చిన పాత పిన్ నంబర్లు, పనివాళ్లకూ చుట్టాలకూ ఇచ్చినవి సహా, అన్నీ చెరిపించండి.

ఏ పరికరాలు వదిలి వెళ్తున్నారో అగ్రిమెంట్‌లో రాయించుకోండి. నెలవారీ చందా ఏమైనా ఉందేమో అడగండి. వేర్వేరు కంపెనీల పరికరాలు కలిసి పనిచేసేలా 2022లో వచ్చిన మ్యాటర్ అనే ప్రమాణం ఉన్నవైతే ఒకే బ్రాండ్‌కి కట్టుబడే బాధ తక్కువ.